వైన్ కథ రైతు పేజీలో రావాల్సింది

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఇటలీలో నాలుగు తరాలుగా రెడ్ వైన్ చేస్తున్న ఒక కుటుంబం గురించి నిండు పేజీ వేశారు. మహారాష్ట్రలో ఉన్న మా సిరొంచకు మీ పేపర్ కాళేశ్వరం వైపు నుంచి గోదావరి బ్రిడ్జి దాటి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, వచ్చాక ఇంట్లో ముగ్గురం తలా ఒక పేజీ పంచుకుంటాం, ఆ పేజీ మాత్రం ఎవరికీ ఇవ్వకుండా రెండుసార్లు చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ పైన 'తాతల నాటి రహస్య రెసిపీ' అని హెడ్డింగ్, పక్కన గ్లాసు ఎలా పట్టుకోవాలో ఒక బాక్సు, కింద సీసా ధర. రైతు అనే మాట పేజీ మొత్తంలో ఒక్కసారి కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను మిర్చి, పత్తి వేసే రైతును. మందు అలవాటు లేదు. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం ఉంది, డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ లాంటివాళ్లు, వాళ్ల వెంట ఊరూరా ఆడవాళ్లు కొట్లాడి తెచ్చుకున్నది అది. మా అవ్వ కూడా ఆ రోజుల్లో ఊరేగింపుల్లో నడిచింది. ఆ నిషేధం ఎత్తేయాలని నేను రాయడం లేదు, దయచేసి ఎవరూ అలా అనుకోవద్దు. నేను రాస్తున్నది పంట గురించి.

మా చిన్నమ్మాయి ఇటలీలోని టూరిన్‌లో ద్రాక్ష తెగుళ్ల మీద చదువుతోంది. చదువులో భాగంగా ఆల్బా అనే ఊరి దగ్గర ఒక కుటుంబం తోటలో ఏడాది ఉంది, ఆ ఏడాది నేనూ మా ఇంటావిడా సెప్టెంబర్‌లో వెళ్లి నవంబర్ దాకా వాళ్ల పై అంతస్తులో ఉన్నాం. మీరు రాసిన కుటుంబం లాంటిదే, అవే లాంగే అనే కొండలు, అదే బరోలో అనే రెడ్ వైన్. ఆ ఇంటివాళ్ల పేరు రాయను, వాళ్లు అడగలేదు. చూడ్డానికి వెళ్లినవాణ్ని కాబట్టి పని చేయడానికి నాకు అనుమతి లేదు, కోతలప్పుడు కళ్లముందు గుత్తులు వేలాడుతుంటే కత్తెర పట్టుకోకుండా గట్టు మీద నిలబడటం నాకు చాలా కష్టమైంది.

ముందు రహస్యం సంగతి. అక్కడ రహస్యం ఏమీ లేదు సార్. బరోలో ఎలా చేయాలో ప్రభుత్వం అచ్చువేసిన నిబంధనల పుస్తకం ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు, మా అమ్మాయి చదివి నాకు వరుసగా చెప్పింది. 11 ఊళ్ల సరిహద్దుల్లోని కొండవాలు తోటల్లోనే పండాలి. నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షే వాడాలి, ఇంకో రకం ఒక్క గుత్తి కూడా కలపకూడదు. హెక్టారుకు 8 టన్నులకు మించి పండించకూడదు, అంటే మన లెక్కలో ఎకరానికి సుమారు 32 క్వింటాళ్లు. కోసిన ఏడాది నవంబర్ 1 నుంచి లెక్కపెట్టి 38 నెలలు ఆపాలి, అందులో 18 నెలలు చెక్క పీపాలో ఉండాలి. ఇంకా ఎక్కువ కాలం ఆపిన రకం అని చెప్పే 'రిజర్వా' అనే మాట సీసా మీద రాయాలంటే 62 నెలలు. 2020లో కోసిన పంట 2024 జనవరిలో గానీ అమ్మకానికి రాలేదు.

ఎక్కువ పండించకూడదు అనే రూలు విన్నప్పుడు నాకు నిజంగా ఊపిరి ఆడలేదు. మనం ఇంకో రెండు క్వింటాళ్లు ఎక్కువ రావాలని ఎన్ని మందులు కొడతాం! అక్కడ ఎండాకాలంలో, కాయ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే, ఒక్కో తీగ మీద కొన్ని గుత్తులు ఉంచి మిగతావి కోసి కింద పడేస్తారట, ఉన్నవాటికి బలం పట్టాలని. ఆ ఇంటి పెద్దాయనకు డెబ్బై ఐదు దాటాయి, ఆయన ఆ పని కొడుక్కి అప్పగించి ఆ రోజుల్లో తోటవైపు రాడట. 'మా నాన్న చూస్తే నన్ను కొట్టేవాడు' అన్నాడు, మా అమ్మాయి తెలుగులో చెప్పింది. వాళ్ల నాన్న కాలంలో ఆ కొండల్లో తిండికి కటకట. చాలామంది తోటలు వదిలి టూరిన్ కార్ల ఫ్యాక్టరీకి పోయారు, ఆల్బాలోనే 1946లో మొదలైన ఫెరెరో చాక్లెట్ కంపెనీకి పోయినవాళ్లు పోయారు. ఇవాళ బరోలో తోట ఎకరం కోట్లలో పలుకుతుంది. మీ పేజీలో ఈ కోట్ల సంగతే ఉంది, ఆ కటకట లేదు.

అప్పట్లో రైతులు ద్రాక్షను బండ్ల మీద ఆల్బా చౌరస్తాకు తెచ్చి దళారుల కోసం నిలబడేవాళ్లు. సాయంత్రమయ్యేకొద్దీ కాయ మెత్తబడుతుంది, ధర దిగుతుంది, చివరికి వాళ్లు ఎంతంటే అంత. ఇది వింటుంటే నాకు వరంగల్ ఎనుమాముల మార్కెట్టే కళ్లముందు కనపడింది, జెండా పాటలో ఒక ధర, నా బస్తా దగ్గరికి వచ్చేసరికి ఇంకో ధర.

ఆ పరిస్థితి నుంచి ఎలా బయటపడ్డారో రాస్తే ఎంతమందికి పనికొచ్చేది! పక్కనే బార్బరెస్కో అనే ఊరు ఉంది, అదే నెబ్బియోలో ద్రాక్ష. 1958లో ఆ ఊరి చర్చి ఫాదర్ డాన్ ఫియొరినో మరెంగో 19 మంది చిన్న రైతులను కూర్చోబెట్టి సహకార సంఘం పెట్టించాడు. మొదటి మూడేళ్ల వైన్ చర్చి కింద నేలమాళిగలోనే చేశారు. ఆ సంఘం ఇప్పటికీ ఉంది, వాళ్ల సీసాలకు ప్రపంచమంతా పేరుంది. కుటుంబం ఒక్కటే నిలబెట్టింది అన్నట్టు మీరు రాశారు, కానీ పక్కింటివాడు కూడా అదే రూలుకు కట్టుబడి ఉండటం వల్లే ఒక్కో కుటుంబం నిలబడింది. ఒకడు నీళ్లు కలిపితే పదకొండు ఊళ్ల పేరు పోతుంది.

పోయింది కూడా. 1986లో ఇటలీలో కల్తీ వైన్ తాగి ఇరవై మందికి పైగా చనిపోయారు, చాలామందికి కళ్లు పోయాయి. చౌక వైన్‌లో ఘాటు పెంచడానికి మిథనాల్ అనే విషం కలిపారు. ఆ కల్తీ దొరికిన చోట్లలో ఒకటి ఈ బరోలో కొండలకు కూతవేటు దూరంలోనే. ఏ తప్పూ చేయని ఇళ్ల సరుకు కూడా ఆ ఏడాది అలాగే ఉండిపోయిందని పెద్దాయన చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతు మారింది. మిథనాల్ అంటే మన మహారాష్ట్రకూ కొత్త కాదు, 2015లో ముంబై మాల్వణిలో వంద మందికి పైగా ప్రాణాలు తీసింది అదే. ఇటలీలో ఆ చావుల తర్వాత తనిఖీలు, చట్టాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు ప్రతి ఏటి పంటా ల్యాబులో పరీక్షకు పోవాలి, ఆ తర్వాత రుచి చూసే కమిటీ ముందుకు పోవాలి, పాసైతేనే సీసా మెడకు నంబరున్న ప్రభుత్వ కాగితపు పట్టీ అంటిస్తారు. మీ ఫొటోలో సీసా మెడ మీద ఆ పట్టీ కనపడుతోంది చూడండి, దాని గురించి ఒక్క ముక్క రాయలేదు.

ఇక తయారీ. 'ఎర్ర ద్రాక్ష రసాన్ని పులియబెడితే రెడ్ వైన్' అని రాశారు. ఆ ద్రాక్షను పిండితే వచ్చే రసం ఎర్రగా ఉండదు, ఇంచుమించు తెల్లగానే ఉంటుంది. రంగంతా తొక్కలో ఉంటుంది. అందుకే కాడలు తీసేసి, పండ్లు చితక్కొట్టి, తొక్కలు గింజలతో సహా తొట్టిలో పోస్తారు. ద్రాక్షలో ఉన్న పంచదార సారాయిగా మారడం మొదలవగానే గాలి బుడగలు తొక్కలన్నింటినీ పైకి తోస్తాయి, పైన మూరెడు మందాన తెట్టు కడుతుంది. దాన్ని అలా వదిలేస్తే ఎండిపోయి పుల్లబడుతుంది, కాబట్టి రోజుకు రెండుసార్లయినా అడుగు నుంచి రసం తోడి ఆ తెట్టు మీద పోస్తారు. రంగు, వగరు అప్పుడే దిగుతాయి. ఆ ఇంట్లో ఇప్పటికీ పాత పద్ధతే, తెట్టు పైకి లేవకుండా చెక్క పట్టీలు అడ్డంగా బిగించి నెల దాటినా రసంలోనే మునిగి ఉండేలా చూస్తారు. తర్వాత రసం దించి, మిగిలిన పిప్పిని నొక్కుతారు, ఆ పిప్పి కూడా పారేయరు, గ్రప్పా అనే సారాయి తీసేవాళ్లకు పోతుంది.

ఆ తొట్ల గదిలోకి మొదటిరోజు నేను గబగబా వెళ్లబోతే కొడుకు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. పులిసేటప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు, కిందే నిలుస్తుంది, తొట్టిలోకి వంగినవాడు మళ్లీ లేవడు. వాళ్ల తాత కొవ్వొత్తి పట్టుకుని దిగేవాడట. మన దగ్గర జొన్న పాతర తెరిచినప్పుడు, పాడుబడ్డ బావిలోకి దిగే ముందు మా బాపు దీపం కట్టి వదిలేవాడు, ఆరిపోతే ఎవర్నీ దిగనిచ్చేవాడు కాదు. నేను చేతులతో సైగ చేసి చెప్తే పెద్దాయనకు మా అమ్మాయి అవసరం లేకుండానే అర్థమైంది. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టాడు.

పీపాల గురించి కూడా ఒక మాట. మీరు 'చిన్న పీపాలే సంప్రదాయం' అని రాశారు. అది తప్పు. సంప్రదాయం పెద్ద పీపాలది, మనిషి లోపలికి దూరి కడిగేంత పెద్దవి. చిన్న కొత్త పీపాలు 1980లలో కుర్రాళ్లు ఫ్రాన్సు చూసి వచ్చి తెచ్చినవి. దాని మీద ఇళ్లలో తండ్రీ కొడుకుల మధ్య పెద్ద యుద్ధాలే జరిగాయి, ఎలియో అల్తారే అనే ఆయన వాళ్ల నాన్న పాత పీపాలను కరెంటు రంపంతో కోసేశాడు, నాన్న ఆయనకు ఆస్తి లేకుండా చేశాడు, ఇది ఆ దేశంలో అందరికీ తెలిసిన కథ. నేనున్న ఇంట్లో అంత జరగలేదు గానీ కొడుకు కొనుక్కొచ్చిన నాలుగు చిన్న పీపాలు ఒక మూల ఉన్నాయి, తండ్రి వాటిని దాటి నడుస్తాడు తప్ప వాటివైపు చూడడు. కుటుంబ సంప్రదాయం అంటే అందరూ నవ్వుతూ ఫొటో దిగడం ఒక్కటే కాదు కదా. ఆ పోట్లాట మధ్యలో కూడా ఇద్దరూ పొద్దున్నే ఒకే తోటలోకి వెళ్లడం, నాకు అదే పెద్ద విషయంగా అనిపించింది.

రుచి ఎలా ఉంది అని ఇక్కడ అందరూ అడుగుతారు. చెంచాడు నోట్లో పోసుకుని, వాళ్లలాగే ఉమ్మేశాను. పచ్చి తునికి కాయ కొరికితే నాలుక ఎలా పట్టేస్తుందో అలా పట్టేసింది. ఆ వగరు తగ్గడానికే అన్ని నెలలు ఆగాలట. రంగు కూడా మీ ఆర్టిస్టు వేసినంత నల్లెరుపు కాదు, పలచటి దానిమ్మ రసంలా ఉంటుంది, ఏళ్లు గడిస్తే ఇటుక రంగుకు తిరుగుతుంది.

మరి మూడేళ్లకు పైగా డబ్బు రాకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది? నేను మొదటి వారమే అడిగిన ప్రశ్న ఇది. ఎండ తక్కువ తగిలే వాలుల్లో డొల్చెత్తో, బార్బేరా అనే వేరే రకాలు వేస్తారు, డొల్చెత్తో మరుసటి ఏడాదే అమ్ముడుపోతుంది. ద్రాక్షకు పనికిరాని చల్లటి ముక్కలో హేజల్‌నట్ చెట్లు. మనం పత్తిలో కంది సాళ్లు వేసుకున్నట్టే. పేజీలో ఇది రావాల్సిన విషయం.

అన్నిటికంటే నా మనసులో నిలిచిపోయింది ఇంకొకటి. అక్కడ కొండలో ప్రతి ముక్కకూ పేరుంది. దక్షిణం ఎండ తగిలే వాలును వాళ్ల యాసలో సోరి అంటారు, కొండ నెత్తిని బ్రిక్కో అంటారు. బరోలో పరిధిలో ఊళ్ల పేర్లు పదకొండుతో కలిపి ఇలాంటి పేర్లు 181 పటం గీసి చట్టంలోకి ఎక్కించారు, 2010 పంట నుంచి సీసా మీద ఆ పేర్లే రాసుకోవచ్చు. లా మోర్రా అనే ఊరి వైపు మట్టిలో వైన్ కొంచెం మెత్తగా వస్తుంది, సెర్రలుంగ అనే ఊరి వైపు గట్టిగా వస్తుంది అని కొనేవాడు కూడా చెప్తాడు. మా ఊళ్లో చేలకు పేర్లు లేవా? పాటిచేను, మర్రికింది చేను, ఏటిగడ్డ చేను. పాటిచేను మిర్చికి రంగు ఎక్కువ, ఏటిగడ్డ మిర్చికి కారం ఎక్కువ అని మా ఇంటావిడ కల్లంలో కాయ చేత్తో పట్టుకునే చెప్తుంది. కానీ లారీ వరంగల్ చేరిందంటే అది వరంగల్ మిర్చి, నాగ్‌పూర్ చేరిందంటే నాగ్‌పూర్ మిర్చి. సిరొంచ అనే మాట బస్తా మీద ఎక్కడా ఉండదు. నాగ్‌పూర్ జిల్లాలోని భివాపూర్ మిర్చికి జీఐ, అంటే ఫలానా ఊరి పంట అని చట్టం ఇచ్చే గుర్తింపు వచ్చింది, వాళ్లూ మనలాంటి రైతులే. ప్రాణహిత ఒడ్డున తెలుగు మాట్లాడే రైతులం అటు మరాఠీ పేపర్లకూ కనపడం, ఇటు తెలుగు పేపర్లకూ కనపడం.

ఇప్పపువ్వు కూడా అంతే. ఎండాకాలంలో తెల్లవారకముందే గోండు ఆడవాళ్లు, పిల్లలు చెట్ల కిందికి పోయి రాత్రి రాలిన పువ్వు ఏరుకొచ్చి ఎండబెడతారు. మధ్యప్రదేశ్‌లో ఆ పువ్వుతో తీసే సారాకు హెరిటేజ్ లిక్కర్ అని పేరు పెట్టి ఆదివాసీ సంఘాలకే చేసే హక్కు ఇచ్చారు. మా జిల్లాలో అది కుదరదు, కుదరాలని నేను అనడమూ లేదు. కానీ పువ్వుతో లడ్డూలు చేస్తున్నారు, పువ్వు బస్తా బస్తాలుగా బయటికి పోతోంది, ఆ బస్తా మీద ఏ అడవి పువ్వో రాసుకునే మర్యాదైనా ఉండాలి.

2022 జనవరిలో మా రాష్ట్రంలో సూపర్‌మార్కెట్లలో వైన్ అమ్మనిస్తామని ప్రభుత్వం అన్నప్పుడు కూడా నాకు ఇదే బాధ కలిగింది. ఒకరు రైతుకు లాభం అన్నారు, ఒకరు ఇంటింటికీ తాగుడు తెస్తారా అన్నారు, అన్నా హజారే నిరాహార దీక్షకు దిగుతానన్నారు, చివరికి అది అమలు కాలేదు. ఆ నెల రోజులూ నేను తెలుగు పేపర్లలో వెతికాను. నాసిక్‌లో వైన్ ద్రాక్ష వేసే రైతు ఒప్పందం మీద కంపెనీకి కాయ అమ్ముకుంటాడా, తన ఇంట్లో తానే చేసి తన పేరుతో అమ్మగలడా, అమ్మాలంటే లైసెన్సు ఎంత, ఎవరైనా రాస్తారేమో అని. నాకు దొరకలేదు. రాసినవన్నీ తాగేవాడి గురించే.

మీ పేజీలో కనపడనివాళ్లు ఇంకొందరున్నారు. ఆ కొండలు మరీ ఏటవాలు, బరోలో కోత అంతా చేతులతోనే. ఆ కోతకు ఇంట్లో నలుగురు చాలరు, బాల్కన్ దేశాల నుంచి, ఆఫ్రికా నుంచి కూలీలు వస్తారు, మన దేశంవాళ్లూ ఉన్నారు. అందరికీ సరైన కూలీ దొరకడం లేదు, మేస్త్రీలు మధ్యలో మింగేస్తుంటే 2016లో దాని మీద ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. నేనున్న ఇంట్లో కోతల రోజుల్లో మధ్యాహ్నం అందరూ ఒకే బల్ల దగ్గర తినేవాళ్లు, ఆ ఇంటావిడ పెద్ద గంగాళంతో పాస్తా తెచ్చి ముందు వాళ్లకే పెట్టేది. అన్ని ఇళ్లలో అలా ఉండదని ఆవిడే మా ఇంటావిడతో చెప్పింది. మా మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి ఇంద్రావతి దాటి వచ్చేవాళ్లు గుర్తొచ్చి, తిరిగొచ్చాక మేము కూడా వాళ్లు పడుకునే కొట్టానికి రేకులు మార్చి లైటు పెట్టించాం. ఇది గొప్ప కోసం రాయడం లేదు, ఎప్పుడో చేయాల్సిన పని.

నేను అడిగేది ఇంతే. ఇలాంటి కథలు ఆదివారం గ్లాసుల పక్కన కాకుండా మీ రైతు పేజీలో వేయండి. ఇటలీవాళ్లు పొలం పేరును చట్టంలోకి ఎలా ఎక్కించారు, సంఘానికి మొదటి అప్పు ఎక్కడ దొరుకుతుంది, జీఐకి దరఖాస్తు ఎవరు పెట్టాలి, ఎన్నేళ్లు పడుతుంది, ఇవి రాయండి. మీ విలేకరిని మిర్చి కోతల టైముకు మా వైపు పంపితే పాటిచేను, ఏటిగడ్డ రెండూ చూపిస్తాను, కాయ తేడా ఆయనే చూసుకోవచ్చు.

ఈ ఉత్తరంతో రెండు ఫొటోలు పంపుతున్నాను. ఒకటి ఆ ఇంటి నేలమాళిగలోది, వేస్తే కింద 'పెద్ద పీపా' అని రాయండి, 'డ్రమ్ము' అని రాయకండి. రెండోది మా కల్లంలో మిర్చి, దాని కింద సిరొంచ అని ఊరి పేరు తప్పకుండా వేయండి.

ఇట్లు
ఒక మిర్చి రైతు,
సిరొంచ తాలూకా, గడ్చిరోలి జిల్లా